భాగం - 9: ఎలక్ట్రానిక్ భాగాలు అమర్చే కళ్లజోడు ఫ్రేముల రూపకల్పన

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 చరిత్ర చెప్పే పాఠం: వినికిడి కళ్లజోళ్లు
9.3 ఫ్రేము నిర్మాణం, కొలతలు
9.4 బరువు, సమతౌల్యం
9.5 విద్యుచ్ఛక్తి, వేడి
9.6 కీలు, తీగలు
9.7 శబ్దం, రేడియో, కెమెరా
9.8 సర్దుబాటు, మరమ్మతు
9.9 సారాంశం
9.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి - సమాధానాలు
9.11 ముఖ్య పదాలు
9.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:

- కళ్లజోడు ఫ్రేము నిర్మాణాన్ని, దాని మీద ముద్రించిన కొలతల అర్థాన్ని వివరించగలుగుతారు.
- అమర్చిన భాగాల బరువు ముక్కు మీద, చెవుల మీద ఎలా పడుతుందో లెక్కకట్టగలుగుతారు.
- బ్యాటరీ, వేడి, కీలు రూపకల్పనకు విధించే హద్దులను గుర్తించగలుగుతారు.
- సర్దుబాటుకు, మరమ్మతుకు వీలుండటం ఎందుకు ముఖ్యమో చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

ఇంతకుముందు భాగంలో మణికట్టుకు ధరించే పరికరాలను గురించి తెలుసుకున్నారు. చేతి గడియారం ఇబ్బంది పెడితే తీసి బల్ల మీద పెడతాం. దానివల్ల మన పని ఆగదు. కళ్లజోడు సంగతి అలా కాదు. చూపు తక్కువగా ఉన్న మనిషి ఉదయం లేవగానే దాన్ని వెతుక్కుంటాడు, రాత్రి పడుకునేటప్పుడు తీస్తాడు. అది లేకపోతే బస్సు మీద ఊరి పేరు చదవలేడు, ఎదురుగా వచ్చే మనిషిని పోల్చుకోలేడు.

అద్దాలతో కలిపి సాధారణ కళ్లజోడు 20 నుంచి 35 గ్రాముల బరువు ఉంటుంది. ఇంత తేలికైన వస్తువులో మైక్రోఫోన్లు, స్పీకర్లు, బ్యాటరీ, రేడియో, కొన్నిటిలో కెమెరా కూడా ఇమడ్చాలన్నది రూపకర్త ముందున్న సమస్య. ఇక్కడ మొదటే ఒక ప్రశ్న వేసుకోవాలి. మనం చేస్తున్నది కళ్లజోడు ఆకారంలో ఉన్న ఎలక్ట్రానిక్ పరికరమా? లేక ఎలక్ట్రానిక్ భాగాలు చేర్చిన కళ్లజోడా? ఈ రెండూ ఒకటే అనిపించవచ్చు గాని, కాదు. మొదటి దారిలో వెళ్లినవారు బ్యాటరీ ఎక్కడ పడుతుందో ముందు చూస్తారు. రెండో దారిలో వెళ్లినవారు ముక్కు ఎంత మోస్తుందో ముందు చూస్తారు. రెండో దారే సరైనదని ఈ భాగంలో లెక్కలతో, ఉదాహరణలతో తెలుసుకుంటారు.

9.2 చరిత్ర చెప్పే పాఠం: వినికిడి కళ్లజోళ్లు

కళ్లజోడులో ఎలక్ట్రానిక్స్ అమర్చడం నేటి మాట కాదు. 1940లలో వినికిడి యంత్రాలు శూన్యనాళికలతో పనిచేసేవి. వాటిని చొక్కా జేబులోనో, నడుముకో తగిలించుకుని, అక్కడి నుంచి చెవికి తీగ లాక్కోవలసి వచ్చేది. 1947 చివర అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టర్ పుట్టింది. దానికి కావలసిన విద్యుత్తు బాగా తక్కువ, పరిమాణమూ చిన్నది. అందువల్ల 1950ల మధ్యలో మొత్తం వినికిడి యంత్రాన్ని కళ్లజోడు కాడలోనే ఇమడ్చగలిగారు. అమెరికాకు చెందిన ఒటారియన్ సంస్థ 'లిజనర్' పేరుతో తెచ్చిన కళ్లజోడు ఈ రకంలో తొలి వాటిలో ఒకటి. జేబు నుంచి చెవికి తీగ వేలాడనవసరం లేదు. చెవుడు ఉందని నలుగురికీ తెలియదు. అందుకే అవి బాగా అమ్ముడుపోయాయి.

కాని 1960లలో చెవి వెనక తగిలించుకునే చిన్న వినికిడి యంత్రాలు వాటి స్థానాన్ని ఆక్రమించాయి. దీనికి కారణాలు ఎలక్ట్రానిక్స్‌లో లేవు.

(1) రాత్రి కళ్లజోడు తీస్తే వినికిడి కూడా పోయేది.
(2) యంత్రం మరమ్మతుకు వెళ్తే చూపు కూడా దానితో వెళ్లేది. అద్దం పగిలితే వినికిడీ ఆగిపోయేది.
(3) అద్దాలు అమర్చేవారు ఒకరు, వినికిడి యంత్రం సరిచేసేవారు మరొకరు. రోగి ఇద్దరి మధ్య తిరగవలసి వచ్చేది.
(4) చూపు సమస్య, వినికిడి సమస్య ఒకే మనిషికి ఒకేసారి, ఒకే తీరులో రావు.

రెండు వేర్వేరు అవసరాలను ఒకే వస్తువుకు కట్టివేస్తే, ఒకటి చెడినప్పుడు రెండోదీ పోతుంది. డెబ్బై ఏళ్ల తరవాత వినికిడి కళ్లజోళ్లు మళ్లీ వచ్చాయి. ఎస్సిలార్ లగ్జాటికా సంస్థ తయారుచేసిన 'న్యువాన్స్ ఆడియో' కళ్లజోడుకు 2025లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించింది. సూక్ష్మ ఎలక్ట్రానిక్స్ ఎంతో మెరుగుపడినా, పైన చెప్పిన నాలుగు ప్రశ్నలు మాత్రం మారలేదు.

9.3 ఫ్రేము నిర్మాణం, కొలతలు

మీ కళ్లజోడునో, ఇంట్లో ఎవరిదైనా కళ్లజోడునో ఒకసారి చేతిలోకి తీసుకోండి. అందులో మూడు ముఖ్యమైన భాగాలు కనిపిస్తాయి. అద్దాలను పట్టి ఉంచే ముందు భాగం ఒకటి. ముక్కు మీద ఆనే బ్రిడ్జి, దాని ప్యాడ్లు రెండోది. చెవుల మీదికి వెళ్లే రెండు పుల్లలు మూడోది. వీటిని మనం కాడలు అందాం. కళ్లద్దాల దుకాణాల్లో సైడ్లు, టెంపుల్స్ అంటారు. ముందు భాగానికీ కాడకూ మధ్య ఉన్న మడత, కీలు.

కాడ లోపలి వైపు 52, 18, 140 వంటి మూడు సంఖ్యలు ముద్రించి ఉంటాయి. మొదటిది ఒక అద్దం వెడల్పు, రెండోది రెండు అద్దాల మధ్య దూరం, మూడోది కాడ పొడవు. మూడూ మిల్లీమీటర్లలోనే. 140 మి.మీ. పొడవున్న కాడలో సుమారు 100 మి.మీ. కీలు నుంచి చెవి దాకా వెళ్తుంది. మిగిలింది చెవి వెనక కిందికి వంగుతుంది. మామూలు ప్లాస్టిక్ కాడ మందం 4 మి.మీ. దగ్గర ఉంటుంది. ఎలక్ట్రానిక్ భాగాలు పెట్టాలంటే దీన్ని పెంచక తప్పదు. పెంచిన ప్రతి మిల్లీమీటరూ కణత దగ్గర ఒత్తుకుంటుంది, ఎదుటివారికి కనిపిస్తుంది.

ఫ్రేము తయారయ్యే పదార్థమూ ముఖ్యమే. సెల్యులోజ్ అసిటేట్ పలకల నుంచి కోసి చేసే ఫ్రేములు వేడికి మెత్తబడతాయి. దుకాణంలో కాడను వేడిచేసి మన చెవికి తగినట్టు వంచేది ఇందువల్లే. ఎలక్ట్రానిక్ ఫ్రేములకు లోపల బోలు గది, మూత కావాలి కాబట్టి, వాటికి ఎక్కువగా నైలాన్ జాతి ప్లాస్టిక్‌ను కరిగించి అచ్చులో పోస్తారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1

సూచన: మీ సమాధానాన్ని విడిగా ఒక కాగితం మీద రాసి, భాగం చివర ఇచ్చిన సమాధానంతో సరిచూసుకోండి.

1. ఫ్రేము మీద 50, 20, 145 అని ఉంది. ఒక్కొక్క సంఖ్య దేన్ని తెలుపుతుంది?
2. 1960లలో వినికిడి కళ్లజోళ్లు వెనకపడటానికి రెండు కారణాలు రాయండి.

9.4 బరువు, సమతౌల్యం

కళ్లజోడు మూడు చోట్ల ఆనుతుంది: ముక్కు, రెండు చెవులు. పక్క నుంచి చూస్తే ఇది రెండు ఆధారాల మీద నిలిచిన దూలం లాంటిది. ముక్కు ఒక ఆధారం, చెవి మరొకటి. మీరు ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదివిన భ్రామకాల సూత్రం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ముక్కు నుంచి చెవికి దూరం 100 మి.మీ. అనుకుందాం. ముక్కు నుంచి 'దూ' మి.మీ. వెనక ఒక వస్తువు పెడితే:

చెవుల మీద పడే భారం = వస్తువు బరువు × దూ ÷ 100
ముక్కు మీద పడే భారం = వస్తువు బరువు − చెవుల మీద పడే భారం

ఉదాహరణ 1: ఒక ఫ్రేము ముందు భాగం, అద్దాలు కలిపి 20 గ్రాములు. ఈ బరువు ముక్కు దగ్గరే పనిచేస్తుందనుకుందాం. రెండు కాడలు కలిపి 10 గ్రాములు. వాటి గురుత్వ కేంద్రం ముక్కు నుంచి 60 మి.మీ. వెనక ఉంది. దీనికి 20 గ్రాముల ఎలక్ట్రానిక్స్ చేర్చాలి. (అ) మొత్తం 20 గ్రాములనూ కాడల ముందు భాగంలో, 30 మి.మీ. దగ్గర పెడితే, (ఆ) 8 గ్రాములు 30 మి.మీ. దగ్గర, 12 గ్రాముల బ్యాటరీలు చెవుల వెనక 110 మి.మీ. దగ్గర పెడితే ముక్కు మీద భారం ఎంత?

సాధన: ఎలక్ట్రానిక్స్ లేనప్పుడు చెవుల మీద 10 × 60 ÷ 100 = 6 గ్రాములు, ముక్కు మీద 24 గ్రాములు.

(అ) కొత్త బరువులో చెవులకు 20 × 30 ÷ 100 = 6 గ్రాములు, ముక్కుకు 14 గ్రాములు. మొత్తం ముక్కు మీద 38, చెవుల మీద 12 గ్రాములు.

(ఆ) చెవులకు 8 × 30 ÷ 100 = 2.4 గ్రాములు; బ్యాటరీల వల్ల 12 × 110 ÷ 100 = 13.2 గ్రాములు, కలిపి 15.6. ముక్కుకు 20 − 15.6 = 4.4 గ్రాములు. మొత్తం ముక్కు మీద 28.4, చెవుల మీద 21.6 గ్రాములు.

రెండు అమరికల్లోనూ మొత్తం బరువు 50 గ్రాములే. కాని రెండోదానిలో ముక్కు మీద భారం నాలుగో వంతు తగ్గింది. చెవి వెనక పెట్టిన బరువు తక్కెడలో రెండో పళ్లెం లాగా ముందు భాగాన్ని పైకి తేలుస్తుంది. 'తేలికైన కళ్లజోడు' అనే మాటలో బరువు ఎంత ఉందన్నది సగమే. ఆ బరువు ఎక్కడ ఉందన్నది మిగతా సగం.

చేసి చూడండి: దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. రూపాయి నాణెం సుమారు 3 నుంచి 4 గ్రాములుంటుంది. ఒక్కో కాడకు కీలు దగ్గర రెండేసి నాణేలు టేపుతో అంటించి, ఒక గంట ధరించండి. తరవాత అవే నాణేలను కాడల చివరలకు మార్చి మరో గంట ధరించండి. తల వంచి చదువుతున్నప్పుడు తేడాను ప్రత్యేకంగా గమనించండి. చివరగా అన్ని నాణేలనూ ఒకే కాడకు అంటించి చూడండి.

చివరి ప్రయోగం ఎందుకంటే, ఎడమ కుడి సమతౌల్యం కూడా అంతే ముఖ్యం. 2013లో గూగుల్ సంస్థ 1,500 డాలర్లకు అమ్మిన 'గూగుల్ గ్లాస్'లో తెర, కెమెరా, వలయం, బ్యాటరీ అన్నీ కుడి వైపే ఉన్నాయి. బ్యాటరీని చెవి వెనక ఉంచి ముందు వెనకల బరువును సర్దారు గాని, ఎడమ కుడి తేడా మిగిలిపోయింది.

బరువు సరిగా పంచకపోతే ముక్కు నొప్పి మాత్రమే కాదు, చూపు కూడా చెడుతుంది. ఫ్రేము జారినప్పుడు అద్దం మధ్య బిందువు కంటి ఎదుట నుంచి కిందికి తప్పుకుంటుంది. అప్పుడు అద్దం పట్టకంలా కాంతిని వంచుతుంది. ప్రెంటిస్ సూత్రం ప్రకారం:

పట్టక ప్రభావం = జరిగిన దూరం (సెం.మీ.) × అద్దం పవరు

ఉదాహరణ 2: ఒకరికి కుడి కంటికి −6, ఎడమ కంటికి −3 పవరు. ఫ్రేము 3 మి.మీ. కిందికి జారింది. కుడి కంటి దగ్గర 0.3 × 6 = 1.8, ఎడమ కంటి దగ్గర 0.3 × 3 = 0.9 ప్రిజం డయాప్టర్లు. రెండింటి తేడా 0.9. రెండు కళ్లకూ సమానంగా ఉంటే సర్దుకుపోవచ్చు. నిలువు దిశలో ఇంత తేడా ఉంటే తలనొప్పి, అక్షరాలు రెండుగా కనిపించడం వంటి ఇబ్బందులు రావచ్చు. బ్యాటరీని ఎక్కడ పెట్టామన్నది కంటి డాక్టరు రాసిచ్చిన చీటీని కూడా తారుమారు చేయగలదని దీన్నిబట్టి గ్రహించాలి.

9.5 విద్యుచ్ఛక్తి, వేడి

కాడలో పట్టే బ్యాటరీ చిన్నది. 150 మిల్లీ ఆంపియర్ గంటలు, 3.7 వోల్టులు గల లిథియం బ్యాటరీని తీసుకుందాం. దానిలో నిల్వ ఉండే శక్తి 0.15 × 3.7 = 0.555 వాట్ గంటలు. పాటలు వినడానికి 0.1 వాటు ఖర్చయితే ఐదున్నర గంటలు వస్తుంది. వీడియో తీస్తూ రేడియో ద్వారా పంపడానికి 1 వాటు ఖర్చయితే 33 నిమిషాలే వస్తుంది. బ్యాటరీని పెంచుదామంటే బరువు పెరుగుతుంది. కాబట్టి ఏ పని ఫ్రేములో చేయాలి, ఏ పని జేబులోని ఫోనుకు అప్పగించాలి అన్నది మొదటే తేల్చుకోవాలి. బరువైన లెక్కలను ఫోనుకు వదిలేయడమే ఈనాటి ఫ్రేములు ఎక్కువగా అనుసరించే పద్ధతి.

అయితే బ్యాటరీ కంటే గట్టి హద్దు వేడి. ఖర్చయిన విద్యుత్తు దాదాపు అంతా చివరకు వేడిగా మారుతుంది. ఆ వేడి కాడ ఉపరితలం నుంచి గాలిలోకి పోవాలి. ఫ్యాను పెట్టే అవకాశం లేదు. నిశ్చలమైన గాలిలో ఉష్ణ బదిలీ గుణకం చదరపు మీటరుకు, డిగ్రీకి సుమారు 10 వాట్లు అనుకోవచ్చు.

ఉదాహరణ 3: ఒక కాడ పొడవు 100 మి.మీ., వెడల్పు 15 మి.మీ. రెండు ముఖాల వైశాల్యం కలిపి 30 చదరపు సెం.మీ., అంటే 0.003 చదరపు మీటర్లు. ఆ కాడలో ఎడతెగకుండా 1 వాటు ఖర్చయితే ఉష్ణోగ్రత ఎంత పెరుగుతుంది?

సాధన: పెరుగుదల = 1 ÷ (10 × 0.003) = సుమారు 33 డిగ్రీలు.

గది ఉష్ణోగ్రత 30 డిగ్రీలైతే కాడ 63 డిగ్రీలకు చేరుతుంది. చర్మాన్ని గంటల తరబడి తాకి ఉండే వస్తువు 43 డిగ్రీలు దాటకూడదన్నది ఆమోదం పొందిన హద్దు. ఆ లెక్కన 30 డిగ్రీల గదిలో నిరంతరంగా ఖర్చు చేయగలిగింది 10 × 0.003 × 13 = 0.39 వాటు మాత్రమే.

ఇప్పుడు ఇదే లెక్కను మన ఎండాకాలానికి వర్తింపజేయండి. గాలి 40 డిగ్రీలుంటే మిగిలేది 0.09 వాటు. రెంటచింతలలో, రామగుండంలో మే నెలలో గాలే 44 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు ఫ్రేములో ఏమీ పనిచేయకముందే హద్దు దాటిపోయింది! చల్లని దేశంలో, చల్లని గదిలో పరీక్షించిన ఫ్రేము మన ఊరి బస్టాండులో నిలబడ్డప్పుడు ఏమవుతుందో రూపకర్త ముందే లెక్కవేయాలి. దీనికి అనుసరించే మార్గాలు ఇవి: వేడి పుట్టే చిప్పును చర్మానికి దూరంగా, కాడ బయటి గోడకు ఆనించడం, పలచని రాగి లేదా గ్రాఫైట్ రేకుతో వేడిని కాడ పొడవునా పరచడం, ఉష్ణోగ్రత పెరిగితే కెమెరా వంటి భాగాలు తమంతట తామే ఆగిపోయే ఏర్పాటు చేయడం. అలా ఆగినప్పుడు కూడా అద్దాలు మాత్రం చూపునిస్తూనే ఉంటాయి. ఫ్రేము ముందు కళ్లజోడు కావాలన్న మాటకు ఇది మంచి నిదర్శనం.

లిథియం బ్యాటరీలను సాధారణంగా 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జి చేయకూడదు. ఎండలో నిలిపిన కారులో పెట్టెతో సహా వదిలేసిన కళ్లజోడు ఛార్జింగును ఆపివేసే ఉష్ణోగ్రతా గ్రాహకం అందువల్ల తప్పనిసరి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2

3. 10 గ్రాముల బ్యాటరీని ముక్కు నుంచి 20 మి.మీ. వెనక పెడితే ముక్కు మీద, చెవుల మీద ఎంతెంత భారం పడుతుంది? (ముక్కు, చెవి మధ్య దూరం 100 మి.మీ.)
4. ఉదాహరణ 3లోని కాడలో 0.2 వాటు ఖర్చయితే ఉష్ణోగ్రత ఎంత పెరుగుతుంది?

9.6 కీలు, తీగలు

రోజుకు నాలుగు సార్లు కళ్లజోడు తీసి మడిచి మళ్లీ పెట్టుకుంటే, ఏడాదికి 1,460 సార్లు, మూడేళ్లకు 4,380 సార్లు కీలు కదులుతుంది. ఫ్రేముల అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 12870లోని మన్నిక పరీక్షలో ఫ్రేమును 500 సార్లు కదిలించి చూస్తారు. ఆ పరీక్ష లోహానికి, ప్లాస్టిక్‌కు సరిపోవచ్చు. కీలులోంచి తీగ వెళ్తున్నప్పుడు రూపకర్త అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ సార్లు పరీక్షించాలి. ఇనుప తీగను ఒకే చోట అటూ ఇటూ వంచితే తెగిపోతుందని చిన్నప్పుడే చూసి ఉంటారు. కీలులోని రాగికీ అదే గతి.

ఈ సమస్యకు మూడు పరిష్కారాలున్నాయి.

మొదటిది, అన్ని భాగాలనూ ఒకే వైపు ఉంచి కీలునే తప్పించడం. గూగుల్ గ్లాస్ తొలి రూపం మడవడానికి వీలులేని టైటానియం పట్టీ. తీగ సమస్య పోయింది, కాని దాన్ని మడిచి జేబులో పెట్టుకోలేరు.

రెండోది, రెండు కాడల్లో విడివిడిగా బ్యాటరీ, వలయం పెట్టి, వాటి మధ్య రేడియో సంబంధం కల్పించడం. కీలు మామూలుగానే ఉంటుంది. కాని ప్రతి భాగమూ రెండేసి కావాలి. ఒక వైపు ముందే ఖాళీ అవుతుంది.

మూడోది, కీలులోంచి నాడాలాంటి పలచని వలయ పట్టీని పంపడం. దీన్ని బిగుతుగా లాగకూడదు. కీలు ఇరుసు చుట్టూ కొంచెం వదులుగా, పెద్ద వంపుతో తిప్పాలి. వంగే చోట అతుకు ఉండకూడదు. ఆ చీలికలోంచి చెమట, తలనూనె లోపలికి దిగుతాయి కాబట్టి అక్కడ రబ్బరు అడ్డు కావాలి. కొబ్బరినూనె రాసుకునే తలల మధ్య తిరిగే కళ్లజోడుకు ఇది చిన్న విషయం కాదు.

తీగను ఫ్రేము గుండా ఒక చెవి నుంచి రెండో చెవికి పంపవలసిన అవసరం కూడా పాతదే. 1965లో హార్‌ఫర్డ్, బారీ అనే పరిశోధకులు, ఒక చెవి పూర్తిగా వినిపించనివారి కోసం, ఆ వైపు శబ్దాన్ని మైక్రోఫోనుతో పట్టి వినిపించే చెవికి పంపే పద్ధతిని వివరించారు. తలకు రెండు వైపులా ఆనే కళ్లజోడు ఆ తీగకు సహజమైన దారి అయింది.

9.7 శబ్దం, రేడియో, కెమెరా

చెవి రంధ్రాన్ని మూయకుండా శబ్దం వినిపించడం ఈ ఫ్రేముల సౌకర్యం. నడుస్తున్నవారికి వెనక వచ్చే లారీ హారన్ కూడా వినిపిస్తుంది. కాడ కింద చెవి వైపు ఒక రంధ్రం, వేరే దిశలో మరొక రంధ్రం పెడతారు. రెండింటి నుంచి వచ్చే తరంగాలు వ్యతిరేక దశలో ఉండటంవల్ల దూరంలో ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. చెవి దగ్గర మాత్రం మొదటి రంధ్రం శబ్దమే బలంగా ఉంటుంది. పక్క సీటువారికి మన ఫోను మాటలు తక్కువగా వినిపించేది ఇందువల్లే.

బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. దాని తరంగదైర్ఘ్యం 12.5 సెం.మీ.; అందులో నాలుగో వంతు సుమారు 31 మి.మీ. ఈ పొడవు యాంటెన్నా కాడలో పడుతుంది. కాని తలలోని నీరు రేడియో తరంగాలను పీల్చుకుంటుంది. కాబట్టి యాంటెన్నాను కాడ పై అంచున, చర్మానికి వీలైనంత దూరంగా పెట్టాలి. లోహపు ఫ్రేమైతే ఆ చోట ప్లాస్టిక్ కిటికీ వదలాలి.

కెమెరా విషయంలో రూపకర్త బాధ్యత ధరించినవారితో ఆగదు. ఎదుటి మనిషిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఫోనుతో ఫొటో తీస్తే చేయి లేస్తుంది, ఎదుటివారికి తెలుస్తుంది. కళ్లజోడుతో తీస్తే ఏమీ కదలదు. గూగుల్ గ్లాస్‌లో రికార్డింగును తెలిపే ప్రత్యేక దీపం లేదు. ప్రజల్లో అనుమానం పెరిగి కొన్ని హోటళ్లు, బార్లు దాన్ని లోపలికి రానివ్వలేదు. 2015 జనవరిలో వ్యక్తులకు అమ్మడం ఆపివేశారు. 2021లో వచ్చిన 'రే-బాన్ స్టోరీస్'లో చిన్న దీపం ఉంది. అది సరిపోతుందా అని ఐర్లండ్, ఇటలీ దేశాల సమాచార రక్షణ అధికారులు ప్రశ్నించారు. 2023 నాటి తరవాతి రూపంలో దీపాన్ని పెద్దది చేశారు. దాన్ని మూసి చిత్రీకరించబోతే, మూత తీయమని కళ్లజోడు సూచిస్తుంది. మిల్లీమీటర్ల పరిమాణంలో ఉండే ఒక దీపం ఎంత కనిపించాలన్నది ఇక్కడ నీతికి సంబంధించిన ప్రశ్న అయింది.

9.8 సర్దుబాటు, మరమ్మతు

ఏ ఇద్దరి చెవులూ ఒకే ఎత్తులో ఉండవు. ఒకే మనిషి రెండు చెవులు కూడా సమంగా ఉండవు. అందుకే కళ్లద్దాల దుకాణంలో కాడ చివరను వేడిచేసి వంచుతారు. చివర వరకూ బ్యాటరీ నింపిన కాడను అలా వేడిచేయలేం. ఇక్కడ మనకు ఒక వైరుధ్యం ఎదురవుతుంది. బ్యాటరీని చెవి వెనక పెడితే బరువు సర్దుకుంటుందని 9.4లో చూశాం. కాని అదే బ్యాటరీ సర్దుబాటుకు అడ్డు. దీనికి ఒకే జవాబు లేదు. చెవి పైన చిన్న గదిలో బ్యాటరీ ఉంచి, దాని తరవాతి కొసను లోహపు పుల్లతో వంగేలా వదలడం ఒక మార్గం. మార్చుకోగల ముక్కు ప్యాడ్లు ఇవ్వడం మరొకటి. ఒకే నమూనాను రెండు మూడు కొలతల్లో తయారుచేయడం ఇంకొకటి.

రెండో సమస్య ఆయుష్షు. కంటి పవరు మారితే అద్దాలు మారుస్తాం. ఫ్రేము చాలా ఏళ్లు వస్తుంది. లిథియం బ్యాటరీ సుమారు 500 ఛార్జింగుల తరవాత బలహీనపడుతుంది. రోజూ ఛార్జి చేస్తే రెండేళ్లు రావడం కష్టం. ఈ మూడు ఆయుష్షులనూ జిగురుతో ఒకటిగా అంటిస్తే, అతి తక్కువ ఆయుష్షు గలదే మొత్తం వస్తువు ఆయుష్షును నిర్ణయిస్తుంది.

ఈ సందర్భంలో సొంత అనుభవం ఒకటి చెబుతాను. నేను కొన్న శబ్దపు కళ్లజోడు రెండో ఏడాది పూర్తికాకముందే ఛార్జి నిలుపుకోవడం మానేసింది. అద్దాలు చక్కగా ఉన్నాయి, ఫ్రేము మీద గీత కూడా లేదు. దుకాణంలో అడిగితే మూత జిగురుతో అంటించి ఉందని, తెరిస్తే పగులుతుందని చెప్పారు. పనిచేయని 18 గ్రాముల ఎలక్ట్రానిక్స్‌ను ముక్కు మీద మోస్తూ మరో ఏడాది చదువుకున్నాను. ఆ తరవాత ఫ్రేముతో పాటు అద్దాలూ పక్కన పెట్టవలసి వచ్చింది. నాలాంటి పెన్షనరుకు అది ఖర్చు; చూపు ఒక్కటే ఆధారంగా పనిచేసుకునే దర్జీకో, డ్రైవరుకో అది జీవనోపాధి సమస్య.

దీనికి భిన్నమైన ఉదాహరణ ఇజ్రాయెల్‌కు చెందిన 'ఆర్‌క్యామ్ మై ఐ'. చూపు లేనివారికి అక్షరాలను చదివి వినిపించే ఈ కెమెరా పరికరం రెండో రూపం 22.5 గ్రాములుంటుంది. అది అయస్కాంతంతో ఏ కళ్లజోడు కాడకైనా అతుక్కుంటుంది. కాడ మీద బరువు పడుతుంది, నిజమే. కాని పరికరం చెడితే కళ్లజోడు చెడదు. అద్దాలు మారితే పరికరం మారదు. 1950ల వినికిడి కళ్లజోళ్లు నేర్పిన పాఠాన్ని ఇది పాటించింది.

చట్టాలు కూడా ఈ దిశలోనే నడుస్తున్నాయి. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనలు పాత పరికరాల పునర్వినియోగ బాధ్యతను ఉత్పత్తిదారు మీద ఉంచాయి. ఐరోపా సమాఖ్యలో 2027 ఫిబ్రవరి నుంచి, కొన్ని మినహాయింపులతో, చిన్న పరికరాల బ్యాటరీని వినియోగదారే తీసి మార్చుకోగలగాలి.

9.9 సారాంశం

ఎలక్ట్రానిక్ ఫ్రేము రూపకల్పనలో ముక్కు, చెవులు, కళ్లు ముందు; చిప్పులు తరవాత. మొత్తం బరువుతో పాటు బరువు ఎక్కడ ఉందన్నది కూడా లెక్కకు వస్తుంది. ఫ్రేము జారితే చూపు చెడుతుంది. బ్యాటరీ కంటే వేడి గట్టి హద్దు. మన ఎండల్లో అది మరీ గట్టిది. కీలులోని తీగ వేలసార్లు వంగాలి. కెమెరా ఎదుటివారికి తెలిసేలా ఉండాలి. అద్దాలు, ఫ్రేము, బ్యాటరీల ఆయుష్షులు వేరు కాబట్టి వాటిని విడదీయడానికి వీలుండాలి. ఒక ఫ్రేమును పరిశీలించేటప్పుడు చివరగా ఈ ప్రశ్న వేయండి: దీనిలో విద్యుత్తు పూర్తిగా ఆగిపోయిన రోజున, ధరించినవారికి ఇది మంచి కళ్లజోడుగా మిగులుతుందా?

9.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి - సమాధానాలు

1. అద్దం వెడల్పు 50 మి.మీ., రెండు అద్దాల మధ్య దూరం 20 మి.మీ., కాడ పొడవు 145 మి.మీ.
2. 9.2లోని నాలుగు కారణాల్లో ఏవైనా రెండు.
3. చెవుల మీద 2 గ్రాములు, ముక్కు మీద 8 గ్రాములు.
4. 0.2 ÷ 0.03 = సుమారు 6.7 డిగ్రీలు.

9.11 ముఖ్య పదాలు

కాడ: కళ్లజోడు ముందు భాగం నుంచి చెవి మీదికి వెళ్లే పుల్ల.
కీలు: కాడ మడవడానికి వీలు కల్పించే భాగం.
భ్రామకం: బలాన్ని, ఆధారం నుంచి దాని దూరాన్ని గుణిస్తే వచ్చే రాశి.
ప్రిజం డయాప్టర్: అద్దం కాంతిని పక్కకు వంచే పరిమాణాన్ని కొలిచే ప్రమాణం.

9.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కళ్లజోడులో బరువు పంపిణీ ప్రాముఖ్యాన్ని తగిన లెక్కతో వివరించండి.
2. ఎలక్ట్రానిక్ ఫ్రేములకు వేడి ఎలా హద్దు అవుతుంది? తెలుగు రాష్ట్రాల వేసవిని దృష్టిలో పెట్టుకుని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కీలులోంచి తీగ పంపడంలో తీసుకోవలసిన జాగ్రత్తలేవి?
2. బ్యాటరీని చెవి వెనక అమర్చడంవల్ల కలిగే లాభనష్టాలను రాయండి.
3. కెమెరా ఉన్న కళ్లజోడుకు సూచక దీపం ఎందుకు అవసరం?